వణుకు జబ్బు, మాత్ర వేళలు – మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మేము ఇక్కడికి వచ్చి పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చదివి దిగిపోతాం. ఈసారి ఆ లెక్కలు రిపోర్టులో వేరే పేజీలో వేశారు, అక్కడ చూసుకోండి. మేము ఒక జబ్బు గురించి, ఆ జబ్బు మాత్రని ఏ వేళకి వెయ్యాలో తెలుసుకోవడానికి మేము పడ్డ తిప్పల గురించి చెబుతాం. ఆరోగ్యం గురించి మాట్లాడటానికి మేమెవరం, మాలో ఎక్కువ చదివింది పదో తరగతే. అయినా ఈ సంగతి చెప్పకపోతే తప్పవుతుందనిపించింది. ఇక్కడ ఉన్న ఊళ్లలో ఇలాంటి మనిషి ఇంకెవరో ఉండే ఉంటారు.

మా సంఘంలో ఒక పెద్దక్క ఉన్నారు. పేరు చెప్పొద్దు, సంగతి చెప్పండి అన్నారు, అందుకని పెద్దక్క అనే అంటాం. 2003లో డ్వాక్రా సంఘం పెట్టినప్పుడు రోజుకి రూపాయి చొప్పున నెలకి 30 రూపాయలు పొదుపు. ఇంటింటికీ తిరిగి, మొగుళ్లతో మాటలు పడి, సంఘాన్ని నిలబెట్టింది ఆమే. మాలో సగం మంది ఆ తర్వాత కోడళ్లుగా వచ్చి చేరినవాళ్లం. సంతకం పెట్టడం కొందరికి ఆమే నేర్పించారు. పదిహేనేళ్లకి పైగా రెండో లీడరుగా చేశారు.

2021లో బ్యాంకు లింకేజీ కోసం తీర్మానం రాసి పంపితే తిరిగి వచ్చింది. రెండో లీడరు సంతకం కలవలేదన్నారు. మళ్లీ పెట్టించాం. మళ్లీ కలవలేదు. చూస్తే ఆమె సంతకం మొదటి అక్షరం మామూలుగా ఉండి, పోనుపోను చిన్నదైపోయి, చివరికి చీమలు పాకినట్టు అయిపోతోంది. "సరిగ్గా పెట్టక్కా" అంటే "పెడుతూనే ఉన్నా గదమ్మా" అనేవారు. అంతకుముందు నుంచే కుడి భుజం పట్టేసిందని అంటూ ఉండేవారు, మిరపకాయలు కోసి కోసి అట్టా అయిందిలే అనుకున్నాం. పలకరిస్తే ముఖంలో నవ్వు లేదు. మాట మెల్లగా, లోలోపల అన్నట్టు వచ్చేది. మీటింగులో ఏది అడిగినా రాయిలా చూసేవారు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ అప్పట్లో మేము ఏమనుకున్నామంటే, కొడుకు ట్రాక్టరు కొన్నాక పెద్దక్కకి పొగరొచ్చింది అనుకున్నాం. సంఘం అంటే లెక్క లేదు, కావాలనే సంతకం పాడు చేస్తోంది అని ఒకామె అంది. మేము కాదనలేదు. లింకేజీ ఆగిపోతుందన్న భయంలో ఆమెని లీడరుగా తీసేసి తీర్మానం రాశాం. ఆ తీర్మానం కింద కూడా ఆమె సంతకం ఉంది. భూతద్దం పెట్టి చూడాలి.

కుడి చెయ్యి వణకడం తర్వాత వచ్చింది. గాలి సోకిందని తాయత్తు కట్టించారు. నీరసం అని సెలైను పెట్టించారు. 2022లో కూతురు వచ్చి గుంటూరులో నరాల డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళితే, ఆమె నడిపించి చూశారు, చెయ్యి తిప్పించి చూశారు, కాగితం మీద రాయించి చూశారు. ఆ రాత చూసి పార్కిన్సన్ జబ్బు అన్నారు. మన వాళ్లు కంపవాతం అనేది అదే. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చట. భుజం బిగదీయడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, రాత చిన్నదవడం, ముఖంలో కదలిక తగ్గడం, ఇవన్నీ ఆ జబ్బు గుర్తులేనట. మేము పొగరు అన్నది జబ్బు.

డాక్టరమ్మ గారు చెప్పింది మాకు అర్థమైనంతవరకు చెబుతాం. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంటుంది. చెయ్యీ కాలూ మనం అనుకున్నట్టు ఆడాలంటే అది కావాలి. దాన్ని తయారుచేసే కణాలు మెల్లమెల్లగా తగ్గిపోవడమే ఈ జబ్బు. మందులో లీవోడోపా అనేది ఉంటుంది, అది మెదడులోకి పోయి డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే ఖర్చయిపోకుండా కాపలాగా కార్బిడోపా అని ఇంకొకటి కలుపుతారు. ఈ మందు జబ్బుని పోగొట్టదు, మనిషిని కదిలిస్తుంది. జబ్బు పూర్తిగా నయం చేసే మందు ఇప్పటిదాకా లేదు. ఎవరైనా గ్యారంటీ అంటే వాళ్లకి డబ్బులు కట్టకండి.

మొదట అర మాత్ర, రోజుకి మూడు పూటలు. వారాల మీద మెల్లగా పెంచి ఒక్కో మాత్ర చేశారు. ఒకేసారి పూర్తి మోతాదు ఇవ్వరు, వాంతి, కళ్లు తిరగడం ఉంటాయి కాబట్టి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పెద్దక్కకి కూడా మొదటి వారం వాంతులయ్యాయి. ఇక్కడే మొదటి పొరపాటు. ఊళ్లో ఆర్.ఎం.పి.ని పిలిస్తే వాంతులకి ఇంజెక్షన్ చేశాడు. వాంతులు కట్టాయి గానీ మనిషి కొయ్యలా బిగుసుకుపోయింది. ఆ ఇంజెక్షన్ పేరు మెటోక్లోప్రమైడ్. మామూలు మనిషికి వాంతులు తగ్గించే మందే. అయితే అది డోపమిన్ పనిని మెదడులో అడ్డుకుంటుంది, ఈ జబ్బు ఉన్నవాళ్లకి పనికిరాదు. కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా అంతేనట. ఆయన తప్పు కూడా కాదు పాపం, జబ్బు సంగతి మేము చెప్పనే లేదు. ఇప్పుడు పెద్దక్క మందుల సంచిలో ఆ నాలుగు పేర్లు తెలుగులో రాసిన అట్టముక్క ఉంటుంది. ఏ ఊరు వెళ్లినా, ఏ డాక్టరుకి చూపించినా ముందు అట్టముక్క చూపిస్తారు.

ఆ తర్వాత రెండేళ్లు బాగున్నారు. బాగున్నారంటే ఏం చెప్పం, తిరునాళ్లకి కోటప్పకొండ వెళ్లొచ్చారు. మేమూ మర్చిపోయాం.

2024 ఎండాకాలంలో మళ్లీ మొదలైంది. ఎనిమిదికి, రెండింటికి, రాత్రి ఎనిమిదికి మాత్ర. పొద్దున మాత్ర మధ్యాహ్నం దాకా కూడా ఆగడం లేదు. పన్నెండు దాటితే కాలు నేలకి అతుక్కుపోయినట్టు గుమ్మం దగ్గర నిలబడిపోయేవారు. దీనికి డాక్టరమ్మ గారు చెప్పిన పోలిక మా ఊరికి బాగా సరిపోయింది. మొదట్లో ఇంట్లో తొట్టి ఉన్నట్టు. కుళాయి ఎప్పుడు వచ్చినా పట్టుకుని తొట్టిలో పోసుకుంటాం, రోజంతా నీళ్లుంటాయి. జబ్బు ముదిరే కొద్దీ మెదడులో ఆ తొట్టి చిన్నదైపోతుంది. ఇక కుళాయి వచ్చినప్పుడే నీళ్లు, కట్టేస్తే లేవు. అందుకే మొదట్లో మాత్ర అరగంట అటూ ఇటూ అయినా తెలియదు, తర్వాత తర్వాత పావుగంట ఆలస్యమైనా మనిషి ఆగిపోతుంది.

కొడుకు తీసుకెళ్లి "మధ్యాహ్నం బిగుసుకుపోతోందమ్మా" అని అంతవరకే చెప్పాడు. ఏం తింటోంది, మాత్ర ఎప్పుడు వేస్తోంది అడిగితే "తిన్నాక వేస్తాం, టైముకే వేస్తాం" అన్నాడు. మాత్ర ఒకటిన్నర చేశారు. ఇప్పుడు ఇంకో గోల వచ్చిపడింది. మాత్ర వేసిన గంటన్నరకి తల, భుజాలు, నడుము మెలికలు తిరుగుతూ ఊగడం. వణుకు కాదది, వణుకు వేరు. ఇది పాము ఆడినట్టు ఉంటుంది. పిల్లలు నవ్వారు. కోడలు ఏడ్చింది. ఊగుడు ఆగితే బిగుసుకోవడం, బిగువు విడిస్తే ఊగడం.

"ఈ మందు పడట్లేదు, ఇదే చంపుతోంది" అని కొడుకు మందు మొత్తం ఆపేశాడు. తల్లి మీద ప్రేమతోనే ఆపాడు, అతన్ని తప్పు పట్టడం లేదు. మొదటి రోజు ఊగుడు లేదు, అందరూ సంతోషించారు. రెండో రోజు మంచం మీద నుంచి లేవలేదు. మూడో రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం, కర్రలా బిగుసుకుపోయిన మనిషి, నోట్లో నీళ్లు పోస్తే మింగలేదు, పిలిస్తే పలకలేదు. 108లో తీసుకెళ్లారు. వెనక ఆటోలో మేము నలుగురం వెళ్లాం. ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచారు. ఈ మందు ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, ఇంకో రోజు ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదు అన్నారు. తగ్గించాలన్నా డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి. మా మాట మీద మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మందు మళ్లీ మొదలుపెట్టి, మెల్లగా అదే ఒకటిన్నరకి తెచ్చాక, మేము ఇద్దరం కూడా డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాం. ఆమె అడిగింది చిన్న మాటే. "నా దగ్గర ఈమె పది నిమిషాలు ఉంటుంది. మిగతా రోజంతా ఎలా ఉంటోంది?" కొడుకు కోడలి ముఖం చూశాడు. కోడలు పొద్దున ఏడింటికి కూలికి పోయి సాయంత్రం వస్తుంది, ఆమెకేం తెలుసు. పెద్దక్కని అడిగితే "ఒకప్పుడు బాగుంటది, ఒకప్పుడు బాగుండదు" అన్నారు. షుగరుకీ బీపీకీ అయితే మిషన్‌లో అంకె వస్తుంది. ఈ మందు ఎంత వెయ్యాలో చెప్పే మిషను లేదు, రక్తపరీక్ష లేదు. మనిషిని చూసి తెలుసుకోవాల్సిందే. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి సరిపోదు. "రెండు వారాలు రాసుకుని రండి, అప్పుడు మారుస్తాను, ఈలోపు మీరేమీ మార్చొద్దు" అన్నారు.

రాయడం అంటే మాకు వచ్చిన పని. ఇరవై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్నాం. పొదుపు పుస్తకానికి గీసినట్టే ఒక పాత లాంగు నోట్‌బుక్కుకి గళ్లు గీశాం. తేదీ, టైము, మాత్ర ఎంత, ఏం తిన్నది, ఎలా ఉంది. ఎలా ఉందో రాయడానికి పొడుగు మాటలెందుకని గుర్తులు పెట్టుకున్నాం. కదులుతుంటే 'క', బిగుసుకుంటే 'బి', ఊగుతుంటే 'ఊ', నిద్రయితే 'ని'. గంటకొకసారి. పొద్దున కోడలు, తర్వాత మా సభ్యులం వంతులు వేసుకుని, సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు.

ఇంకో గడి కూడా పెట్టాం. అది ఎవరు చెప్పారో ఇప్పుడు గుర్తు లేదు, మాలో ముగ్గురు నేనంటే నేనంటున్నారు. ప్రతి గంటకీ పెద్దక్క చేత ఒక సంతకం పెట్టించాం.

మొదట ఆమె ఒప్పుకోలేదు. "నా సంతకం బ్యాంకు వాళ్లు చూసి నవ్వింది చాల్లేదా, మీరు కూడా చూసి నవ్వుతారా" అన్నారు. ఆ మాటకి మా అందరికీ గొంతు పట్టేసింది. ఆ రోజు పుస్తకం మూసి వచ్చేశాం. మర్నాడు మనవరాలు కూర్చుని "నానమ్మా, నాకు హోంవర్కు, నీకు సంతకం" అంటే పెట్టారు.

పద్నాలుగు రోజులయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే మాకే ఆశ్చర్యం వేసింది. పొద్దున ఏడుకి చీమల బారు. పదింటికి బ్యాంకు వాళ్లు కూడా ఒప్పుకునే సంతకం. పదకొండుకి గీత గడి దాటి పక్కకి పోయింది, పక్కన 'ఊ' అని ఉంది. పన్నెండున్నరకి మళ్లీ చిన్నది. ఒంటిగంటకి పెన్ను కదల్లేదు, చుక్క మాత్రం ఉంది. రోజూ అంతే, ఎవరో గీసి పెట్టినట్టు. రెండింటి మాత్ర వేసినా మూడున్నర దాకా చుక్కే. కొన్ని రోజులు ఆ మాత్ర అసలు పని చెయ్యనే లేదు.

రెండు రోజులు మాత్రం తేడా. ఆ రెండు రోజులూ రెండింటికి మాత్ర వేస్తే రెండున్నరకల్లా 'క', సంతకం పెద్దది. ఏమిటా అని చూస్తే రెండూ శనివారాలే. మొదట వెంకటేశ్వరస్వామి దయ అనుకున్నాం. తర్వాత తిండి గడి చూస్తే అర్థమైంది. పెద్దక్క శనివారం ఒక్కపొద్దు ఉంటారు, మధ్యాహ్నం అన్నం తినరు. మిగతా రోజులు పప్పన్నం, గుడ్డు, పెరుగన్నం తిని ఆ వెంటనే మాత్ర వేస్తారు. ఏ మందైనా తిన్నాకే వెయ్యాలని కదా మన లెక్క.

డాక్టరమ్మ గారు ఆ పుస్తకం చూసినంత సేపు స్కానింగులు కూడా చూసి ఉండరు. మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తిండి, అంటే పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేప, ఇవి అరిగాక రక్తంలోకీ మెదడులోకీ పోయే గేటు, లీవోడోపా పోయే గేటు ఒకటేనట. పప్పన్నం ముందు తోసుకుని పోతే మాత్ర బయట నిలబడిపోతుంది. సాగర్ కాలవ మీద టైలెండు రైతులం, పైవాళ్లు తోడేసుకుంటే కిందికి నీళ్లు రావని మాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మాత్ర తినడానికి అరగంట, కుదిరితే గంట ముందు వెయ్యాలి, లేదా తిన్న రెండు గంటలకి వెయ్యాలి. మంచినీళ్లతో వెయ్యాలి, పాలతో కాదు. కడుపులో తిప్పితే ఒక బిస్కెట్టు తినొచ్చు. పొద్దున మాత్రతో పాటు రక్తం పట్టడానికి ఐరన్ మాత్ర కూడా వేస్తున్నారని పుస్తకంలో ఉంది. ఐరన్ కూడా దీన్ని సరిగా పట్టనివ్వదట. దాన్ని రాత్రి పడుకునే ముందుకి మార్చారు.

అలాగని పప్పు, గుడ్డు మానేయమని చెప్పలేదు. మనిషి అసలే చిక్కిపోయింది. వాటిని ఎక్కువగా రాత్రి తిండిలోకి మార్చమన్నారు.

ఇక మోతాదు. మేము పెంచుతారో తగ్గిస్తారో అనుకుంటూ కూర్చున్నాం. రెండూ కాదు. అంతవరకు రోజుకి మూడుసార్లు ఒకటిన్నర, మొత్తం నాలుగున్నర మాత్రలు. దాన్నే అయిదు సార్లు చేశారు. ఆరున్నర, తొమ్మిదిన్నర, పన్నెండున్నర, మూడున్నర, ఈ నాలుగు వేళలకీ ఒక్కొక్కటి, సాయంత్రం ఆరున్నరకి సగం. మొత్తం మళ్లీ నాలుగున్నరే. అప్పు అంతే, వాయిదాలు మారాయి. ఒకేసారి ఎక్కువ పడితే ఊగుడు, రెండు మాత్రల మధ్య ఎడం ఎక్కువైతే బిగువు. ఎడం తగ్గించి, ఒక్కో వాయిదా చిన్నది చేశారు. ఇది పెద్దక్కకి ఆమె పుస్తకం చూసి రాసిన చీటీ. దయచేసి ఎవరూ ఈ టైములు రాసుకుని వెళ్లి మీ ఇంట్లో వాళ్లకి వెయ్యకండి. మీ పుస్తకం మీరు రాసుకోండి.

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. పన్నెండున్నరకి ఇంట్లో ఎవరుంటారు? మిరపకోతల రోజులు. వెనకాలే ఉన్న బడిలో అన్నం బెల్లు కొడతారు, అదే గుర్తు పెట్టుకున్నారు. సెలవు రోజున బెల్లు లేదు, మాత్ర లేదు, పెద్దక్క దొడ్లో పడిపోయారు. ఆ తర్వాత పాత ఫోనులో అయిదు అలారాలు పెట్టాం. మాత్రలు పొద్దున్నే అయిదు చిన్న డబ్బాల్లో పోసి పెడుతుంది కోడలు. వేసుకున్నారా లేదా అన్న అనుమానం ఉండదు, డబ్బా చూస్తే తెలుస్తుంది. ఎప్పుడైనా ఒకటి మర్చిపోతే రెండూ కలిపి వెయ్యొద్దని చెప్పారు.

కొత్త వేళలకి మూడు వారాలు పట్టింది కుదురుకోవడానికి. రాత్రి పక్క మీద తిరగలేకపోతున్నారని పుస్తకంలో చూసి రాత్రి మాత్ర మళ్లీ సరిచేశారు. పొద్దున లేవగానే కళ్లు తిరిగి తూలడం కూడా రాశాం, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూశారు. నిలబడితే తగ్గుతోంది. ఈ జబ్బులోనూ ఈ మందుతోనూ అలా అవుతుందట. మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. మలబద్ధకం ఉన్న రోజున మాత్ర ఆలస్యంగా పట్టడం కూడా పుస్తకం వల్లే తెలిసింది.

ఒక వారం సంతకాలన్నీ మళ్లీ గడి దాటాయి. ఊగుడు. తిండి సరే, టైము సరే. చివరికి మాత్రల అట్ట చూస్తే అంతవరకు 125 అని ఉండేది, కొత్త అట్ట మీద 275 అని ఉంది. పేరు అదే, పెట్టె రంగు కూడా ఇంచుమించు అంతే. దుకాణంలో అది లేదని ఇది ఇచ్చారు. ఈ అంకె ఏమిటంటే రెండు మందుల కూడిక. 125 అంటే లీవోడోపా 100, కార్బిడోపా 25. 275 అంటే 250, 25. 110 అని ఇంకొకటి ఉంది, అది 100, 10. అంటే ఆ వారం రెండున్నర రెట్లు వేశాం. ఇప్పుడు ఖాళీ అట్ట పట్టుకెళ్లి అంకె కలిపి చూసుకుని గానీ డబ్బులివ్వం. అట్ట అయిపోవడానికి పది రోజుల ముందే కొంటాం. సాయంత్రం వేసే సగం కూడా డాక్టరు విరవమంటేనే విరుస్తాం. ఇందులోనే మెల్లగా కరిగే రకం మాత్ర ఉంటుంది, దాన్ని నూరకూడదు, నమలకూడదు.

డబ్బుల మాట కూడా చెప్పాలి. ఆసుపత్రి ఖర్చుకి పెద్దక్క ఇంటికి మా సంఘం నుంచి అంతర్గత అప్పు ఇచ్చాం. నయం కాని జబ్బుకి అప్పిస్తే తిరిగొస్తుందా అని ఒకరు అడిగారు. మీటింగు వేడెక్కింది. చివరికి ఇచ్చాం, వాయిదాలు తప్పకుండా వస్తున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్ జబ్బు కూడా ఉంది. సదరం క్యాంపుకి వెళ్లాలంటే ముందు ఆ సంగతి చాలామందికి తెలియదు, మీరు తెలుసుకుని వెళ్లండి. నడవలేని రోజున వెళ్తేనే సర్టిఫికెట్టు వస్తుందని మాత్ర మానేసి తీసుకెళ్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ పని చెయ్యకండి. రాసిన పుస్తకం తీసుకెళ్లండి.

దూలగొండి పొడి గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. దూలగొండి గింజల్లో లీవోడోపా నిజంగానే ఉంటుంది. అందుకే భయం. పొడిలో ఎంత ఉందో తెలియదు, మాత్రతో కలిస్తే ఎక్కువైపోతుంది. వాడుతుంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. అలాగే ఎవరో పిల్లలు గుమ్మంలో కూర్చున్నట్టు కనపడుతున్నారు అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటే దయ్యం అనుకోకండి. ఈ జబ్బుకి ఇచ్చే కొన్ని మందులతో అలా కనపడొచ్చు. అది కూడా పుస్తకంలో టైముతో సహా రాసి చూపించండి. ఉపవాసం రోజున కూడా మాత్ర మానకూడదు. శివరాత్రికి పెద్దక్క ఒప్పుకోలేదు, పూజారి గారు వచ్చి చెబితే వేసుకున్నారు.

పెద్దక్క పూర్తిగా బాగయ్యారని మేము చెప్పం. రోజులో ఒకటి రెండు గంటలు ఇప్పటికీ బాగుండవు. జబ్బు పెరిగే కొద్దీ వేళలు మళ్లీ మార్చాల్సి వస్తుందని డాక్టరమ్మ గారు ముందే చెప్పారు. రెండో నోట్‌బుక్కు నడుస్తోంది.

మా సంఘం మీటింగు ఇరవై ఏళ్లుగా రాత్రి ఏడున్నరకి జరిగేది, అందరూ పనుల నుంచి వచ్చాక. ఆ టైముకి పెద్దక్కకి మాట రాదు. ఆమె మీటింగులో మాట్లాడటం మానేసింది జబ్బు వల్ల సగం, మా మీటింగు టైము వల్ల సగం. ఇప్పుడు రెండో ఆదివారం పొద్దున పదింటికి పెట్టుకుంటున్నాం. ఆదివారం కూలి ఉన్నవాళ్లు గొణిగారు, గొణుగుతూనే వస్తున్నారు. పోయిన నెల లింకేజీ తీర్మానానికి సభ్యురాలిగా ఆమె సంతకం పది ఇరవైకి పెట్టారు. బ్యాంకు నుంచి తిరిగి రాలేదు. పాత తీర్మానం సంగతి ఎత్తి, అక్కా తప్పయిపోయింది అని మేము అంటే, "అది సరేలే, ముందు ఇద్దరి వాయిదాలు ఆగినయ్యి, అవి చూడండి" అన్నారు.

ఆమె ఇవాళ సభకి వచ్చారు. ఎడమ పక్క ఫ్యాను కింద మూడో వరసలో కూర్చున్నారు, పక్కన మనవరాలు ఉంది. ఇప్పుడు పన్నెండు ఇరవై అయిదు అయింది. ఇంకో అయిదు నిమిషాల్లో అలారం మోగుతుంది, అందరూ తిరిగి చూడకండి, ఆమెకి నచ్చదు. అది మోగాక మాత్ర వేసుకుని ముప్పావు గంట ఆగితే గానీ ఆమె అన్నం తినరు. కాబట్టి భోజనాల దగ్గర ఆమె విస్తరి ఒకటి పక్కన పెట్టమని వంట చూస్తున్న అక్కలకి చెబుతూ, మేము దిగుతున్నాం.

సెలవు.